మెట్ల కింది గాదె

ఒరేయ్ మిత్రమా,

జవాబు ఆలస్యమైందని ఈపాటికి నన్ను నాలుగు తిట్లు తిట్టే ఉంటావు. ఏం చేయను, మూడు వారాలుగా మా కాలేజీ మెట్ల కింద కూర్చుని ఒక ముసలి కంప్యూటర్‌కు సేవ చేస్తున్నాను.

మా ల్యాబులో 40 యంత్రాలు, అన్నింటిలోనూ డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. నెలకోసారి అప్‌డేట్ చేస్తే ఒక్కోదానికి సుమారు 400 మెగాబైట్లు దిగాలి, మొత్తం 16 గిగాబైట్లు. మా నెట్ లైను వేగం 20 ఎంబీపీఎస్, అంటే సెకనుకు రెండున్నర మెగాబైట్లు. కాగితం మీద లెక్క వేస్తే గంటా ముప్పావు. అదీ ఇంకెవరూ నెట్ ముట్టుకోకపోతే. నిజానికి పొద్దున మొదలుపెడితే సాయంత్రం గంట కొట్టేదాకా సాగేది. దిగేదేమో నలభైసార్లూ అదే ఫైర్‌ఫాక్స్, అదే లిబ్రెఆఫీస్! పెళ్ళికొచ్చిన ప్రతి అతిథి కోసం విడిగా మిల్లుకు వెళ్ళి సోలెడు బియ్యం తెచ్చినట్టు.

నువ్వేమో పూర్తి మిర్రర్, అంటే డెబియన్ ప్యాకేజీలన్నిటి నకలూ, మా దగ్గరే పెట్టుకోమన్నావు. డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయిరా! మా పిల్లలు వాడేవి రెండు వేలు దాటవు. అందుకే ఆ ముసలి కంప్యూటర్‌లో ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ అనే ప్రోగ్రాము పెట్టాను. ఎవరైనా అడిగినప్పుడే బయటి నుంచి తెస్తుంది, ఒకటి తన దగ్గర దాచుకుంటుంది, తరువాత అడిగినవాళ్ళకు అందులోంచే ఇస్తుంది. ‘క్యాష్ సర్వర్’ అనగానే మా అకౌంటెంట్ చెవులు రిక్కించాడు. అది డబ్బు కాదు మహాప్రభో, దాపు అని నచ్చజెప్పేసరికి అరపూట గడిచింది.

పెట్టడం మాత్రం చిటికెలో పని. ఒక్క ప్యాకేజీ ఎక్కిస్తే చాలు, 3142 నంబరు పోర్టులో, అంటే నెట్‌వర్క్‌లో తన గుమ్మం దగ్గర, కాచుక్కూర్చుంటుంది. మిగతా యంత్రాల్లో ప్యాకేజీలు తెచ్చి ఎక్కించే ఆప్ట్ సెట్టింగులకు ప్రాక్సీ (మధ్యవర్తి) చిరునామాగా దీన్ని చూపిస్తూ ఒక్క వరుస చేర్చాను. మొదటి యంత్రానికి 11 నిమిషాలు పట్టింది. రెండోదాంట్లో సెకనుకు 11 మెగాబైట్లని కనిపించింది, నలభై సెకన్లలో పని ముగిసింది. నమ్మలేక మూడోదాని దగ్గర వాచీ పట్టుకుని నిలబడ్డాను. అదీ అంతే!

వారం గడిచిందో లేదో, డౌన్‌లోడ్లన్నీ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. లైనును తిట్టాను, స్విచ్చును తిట్టాను. తీరా చూస్తే తప్పు నాదే. దాచిన ఫైళ్ళుండే ‘వార్’ (/var) ఫోల్డరుకు డిస్కులో 10 గిగాబైట్ల భాగమే ఇచ్చి ఊరుకున్నాను, అది నూటికి నూరు శాతం నిండిపోయింది. దాచిన ఫైళ్ళను పెద్ద డిస్కుకు మార్చాను. మార్చాక అసలే పనిచేయలేదు! నకలు చేసినప్పుడు అవన్నీ రూట్ (సర్వాధికారి యూజర్) పేరు మీదకు వెళ్ళాయి. ఈ ప్రోగ్రామేమో తన సొంత యూజర్ పేరుతో నడుస్తుంది. తన గాదె తాళం తన దగ్గరే లేదన్నమాట. ఓనర్‌ను మార్చాక కుదుటపడింది, నాకు మాత్రం ఆ రాత్రి భోజనం పదకొండింటికి.

ఇంకో చిక్కు హెచ్‌టీటీపీఎస్‌తో, అంటే సమాచారాన్ని గుప్తంగా పంపే పద్ధతితో. కొన్ని బయటి రిపోజిటరీలు (ప్యాకేజీల నిల్వలు) అందులోనే ఉంటాయి. సీలు వేసిన కవరును మధ్యలో ఉన్నది తెరవలేదు కదా, ఇక దాచుకునేదేముంది? అలాంటి వాటిని మామూలు హెచ్‌టీటీపీగా రాసి, చిరునామా ముందు ‘హెచ్‌టీటీపీఎస్’ అన్న మాటా మూడు ఏటవాలు గీతలూ (///) చేర్చాలి. అప్పుడు బయటికి వెళ్ళే దారి మాత్రమే గుప్తంగా ఉంటుంది, లోపలిది మామూలుదే. మధ్యలో ఎవరైనా కల్తీ చేస్తేనో అని నువ్వు అడుగుతావు, తెలుసు. డెబియన్ జాబితాల మీది డిజిటల్ సంతకాన్నీ, ప్రతి ఫైలు హాష్‌నూ (వేలిముద్ర లాంటి సంఖ్యనూ) ఆప్ట్ తానే సరిచూసుకుంటుంది. తేడా వస్తే ఎక్కించదు. కాబట్టి నా ముసలి యంత్రాన్ని నువ్వు నమ్మకపోయినా ఫరవాలేదు.

మొన్న ఎవరో ఫోను ఛార్జింగ్ కోసం దాని ప్లగ్గు పీకేశారు. నలభై యంత్రాలూ ఒకేసారి గొల్లుమన్నాయి! ఇప్పుడు ప్రాక్సీ దొరక్కపోతే నేరుగా బయటికి వెళ్ళేలా చిన్న స్క్రిప్టు పెట్టాను. ప్లగ్గు మీద ఎర్ర టేపు కూడా అంటించాను. టేపే ఎక్కువ పనిచేస్తుందని నా అనుమానం.

ఇక పైథాన్ ప్యాకేజీల కోసం ఇలాంటిదే డెవ్‌పై అనే ప్రోగ్రాము పెట్టాలి. దాని పోర్టు 3141. లెక్కల్లోని ‘పై’ (π, 3.14159...) విలువను మూడు దశాంశాల దగ్గర కత్తిరిస్తే అది, సవరిస్తే ఆప్ట్-క్యాచర్‌ది, పక్కపక్క ఇళ్ళు! వచ్చే నెల వచ్చినప్పుడు నీ దగ్గర మూలన పడి ఉన్న ఆ రెండు టెరాబైట్ల డిస్కు పట్టుకురా. వంకాయ కూర నా వంతు.

నీ,
మెట్ల కింది మిత్రుడు