మరమ్మతుని మార్పు అనకండి: కేంద్ర రవాణా మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

మా ఇంట్లో 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ కారు ఉంది. నాలుగు సిలిండర్లు, 40 హార్స్‌పవర్, ఆరు వోల్టుల బ్యాటరీ, వెనక్కి మడిచే గుడ్డ టాపు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు మా తాతగారు ఒక వకీలుగారి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. నాన్నగారు పెళ్ళికొడుకై ఊరేగింది ఇందులోనే. ఆ తర్వాత పాతికేళ్ళ పైచిలుకు పాకలో పడి ఉంది. వెనక సీట్లో కోళ్ళు పొదిగాయి, ఫ్లోరుబోర్డులు చెదలు తినేశాయి. పదకొండేళ్ళుగా దాన్ని మళ్ళీ నిలబెడుతున్నాను. యుద్ధానికి ముందు తయారైన ఆస్టిన్లు, మోరిస్‌లు, షెవర్లేలు ఇలాగే మన ఊళ్ళ షెడ్లలో ఇంకా ఉన్నాయి. వాటిని కాపాడుకుంటున్న అందరినీ తలచుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. 2021 జూలైలో మీ శాఖ కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ బండ్లకి విడిగా చోటు కల్పించింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటితే వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చన్నారు. పాత నెంబరు ఉన్నవాళ్ళు దాన్నే ఉంచుకోవచ్చన్నారు, కొత్తగా నమోదయ్యేవాటికి ‘వీఏ’ సిరీస్ ఇచ్చారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోవడానికి 5,000. పదేళ్ళు చెల్లుతుంది. రోజువారీ తిరుగుళ్ళకి, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకి తీసుకెళ్ళొచ్చు. ఈ షరతులన్నీ సబబుగానే ఉన్నాయి. పాత బండ్లని తుక్కుకి పంపే విధానం వచ్చిన ఏడాదే ఈ రక్షణ కూడా రావడం మా బోటివాళ్ళకి పెద్ద ఊరట.

చిక్కంతా నిర్వచనంలోని ఒక్క మాట దగ్గర వస్తోంది. బండి అసలు రూపంలో ఉండాలి, ‘గణనీయమైన ఓవర్‌హాల్’ జరిగి ఉండకూడదు, ఛాసీలో (బండి కింది ఇనుప చట్రంలో) గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ చేసిన మార్పులు అందులోకి వస్తాయి అంటోంది రూలు. పాత బాడీ కింద జీపు ఇంజను పెట్టి, ఏసీ బిగించి వింటేజ్ అని చెప్పుకునేవాళ్ళని ఆపడానికే ఈ మాట పెట్టారని నాకు అర్థమవుతుంది. ఆపాల్సిందే. కానీ మెకానిక్ షెడ్డులో ఓవర్‌హాల్ అంటే ఇంజను దించి, విప్పి, అరిగినవి సరిచేసి, మళ్ళీ బిగించడం. ఆ పని ఒక్కసారైనా జరక్కుండా 1930 నాటి కారు ఈ రోజు స్టార్టవ్వదు.

నా ఇంజనులో ఏం చేశామో చెబుతాను. ఇప్పటి కార్లలో క్రాంక్ (ఇంజను లోపల తిరిగే ఇరుసు) బేరింగు అరిగితే షాపుకెళ్ళి కొత్త షెల్, అంటే విడిగా దొరికే బేరింగు రేకు, తెచ్చి వేస్తారు. మోడల్ ఏకి విడి షెల్ లేదు. వైట్‌మెటల్ అనే మెత్తటి మిశ్రమ లోహాన్ని కరిగించి నేరుగా ఇంజను బ్లాకులోనే, పిస్టన్లని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్లలోనే పోసి, చల్లారాక కొలతకి బోరు చేయాలి. ఆ పని తెలిసిన చెయ్యి కోసం రెండేళ్ళు తిరిగాను. చివరికి దొరికిన మేస్త్రిగారు జీవితమంతా రైసుమిల్లులకీ ఆయిలింజన్లకీ బేరింగులు పోసినవారు. వయసు డెబ్భై దాటింది. రాడ్డులోని పాత మెటల్ కరిగించి దులిపేసి, లోపలి ఉక్కుని తళతళలాడేదాకా రుద్ది, నవాసారం వేసి తగరం పూశారు, అచ్చం ఇత్తడి గిన్నెకి కళాయి పెట్టినట్టే. ఆ పూత అంటకపోతే మెటల్ పట్టదట. మూకుడులో మెటల్ కరిగాక ఒక ఎండు పుల్ల ముంచి తీశారు. పుల్ల అంటుకోకుండా ముదురు గోధుమరంగుకి తిరిగింది. “ఇదీ పాకం” అని గరిటెత్తి ఒక్క ధారగా పోశారు. మధ్యలో ధార తెగితే అతుకు పడుతుంది, రేపు అక్కడే చిట్లుతుంది. ఆ తర్వాత క్రాంక్‌కి నీలం రంగు పూసి, రాడ్డు బిగించి తిప్పి, విప్పి, రంగంటిన మిట్టల్ని స్క్రేపరుతో గీకడం. మళ్ళీ బిగించడం, మళ్ళీ విప్పడం. నాలుగు రాడ్లకీ, బ్లాకులో క్రాంక్‌ని మోసే మూడు మెయిన్ బేరింగులకీ కలిపి పద్దెనిమిది రోజులు పట్టింది.

మంత్రిగారూ, కారు కొత్తగా ఉన్నప్పుడు ఆ బేరింగులో ఏ రకం లోహం ఉందో అదే మళ్ళీ పోశాం. ఒక్క కొలత మారలేదు. అయినా దరఖాస్తులో దీన్ని ఓవర్‌హాల్ అనే రాయాల్సి వచ్చింది.

తనిఖీ చేసిన అధికారి మర్యాదస్థుడు, ఓపిగ్గా చూశారు. ఛాసీ నెంబరు చూపించమన్నారు. మోడల్ ఏలో ఇంజను బ్లాకు మీదున్న నెంబరే ఛాసీ మీదా కొట్టి ఉంటుంది, కాకపోతే అది బాడీ కింద దాగి ఉంటుంది. బోల్టులు విప్పి బాడీ పైకెత్తితే తప్ప కంటికి కనిపించదు. బాగుచేసేటప్పుడు తీసుకున్న ఫోటోలు చూపించాను. ఫోటోని సాక్ష్యంగా తీసుకోమని తనకెక్కడా రాసి ఇవ్వలేదన్నారు.

తర్వాత ఛాసీ వెనక చివర రెండు పక్కలా ఉన్న రంధ్రాల మీద ఆయన చూపు పడింది. “ఇవి కంపెనీవి కావు కదండీ?” అన్నారు. కావు. యుద్ధకాలంలో పెట్రోలుకి రేషను వచ్చినప్పుడు మన దేశంలో బస్సులకీ లారీలకీ, కొన్ని కార్లకీ బొగ్గు గ్యాసు ప్లాంట్లు బిగించారు. మన పెద్దవాళ్ళు బొగ్గు బస్సులని చెప్పుకునేది వాటి గురించే. వెనక డ్రమ్ములో కట్టెబొగ్గు రగిలించి, వచ్చిన గ్యాసుని చల్లార్చి వడగట్టి ఇంజనుకి పంపేవారు. ఈ కారుకీ వకీలుగారు అలాంటిది పెట్టించారని తాతగారు చెప్పేవారు. ఆ డ్రమ్ము మోసిన బోల్టుల రంధ్రాలవి. వెల్డింగు చేసి పూడ్చేస్తే ఎవరికీ తెలియదని ముగ్గురు నలుగురు సలహా ఇచ్చారు. నాకు చేతులు రాలేదు. పెట్రోలు లేని ఆ రోజుల్లో ఈ కారు ఎలా బతికిందో చెప్పడానికి ఇంకే కాగితమూ మిగల్లేదు, ఆ ఎనిమిది రంధ్రాలే ఉన్నాయి.

‘ఛాసీలో మార్పు ఉంది’ అని రాశారు. దరఖాస్తు వెనక్కొచ్చింది. ఆ అధికారిని నేను తప్పుపట్టను. ఆయన చేతికి మీరిచ్చింది ఒక్క వాక్యం.

బ్రిటన్‌లో 2018లో 40 ఏళ్ళు దాటిన చారిత్రక వాహనాలకి ఏటేటా చేసే తనిఖీ నుంచి మినహాయింపు ఇచ్చారు. అక్కడా ‘గణనీయమైన మార్పు’ జరగకూడదనే అన్నారు. అయితే ఏది మార్పు కిందికి రాదో కూడా పక్కనే రాసిపెట్టారు. అసలు రకం విడిభాగాలు దొరకనప్పుడు బండిని కాపాడటానికి చేసిన పని, ఆ మోడల్ వాడుకలో ఉన్న కాలంలో అలా చేసేవారని చూపించగలిగిన పని లెక్కలోకి రావు. అదే రకం ఇంజను మళ్ళీ వేసుకున్నా తప్పులేదు. నా రంధ్రాల గురించి చెప్పుకోవడానికి అక్కడైతే చోటుండేది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ పరిరక్షణకీ పునరుద్ధరణకీ మరమ్మతుకీ తేడా చెప్పింది. కొత్తగా వేసిన భాగం మీద చెరగని గుర్తుండాలి, చేసిన ప్రతి పనీ రాసిపెట్టుకోవాలి అంది. నేను వేయించిన టేకు ఫ్లోరుబోర్డుల అడుగున సంవత్సరం కాల్చి ముద్ర వేయించింది అందుకే.

నేను కోరేది ఒక వివరణ. తయారైనప్పటి లోహంతో, కొలతతో, పద్ధతితో చేసిన మరమ్మతు గణనీయమైన ఓవర్‌హాల్ కిందికి రాదని ఆ నిర్వచనం కిందే రాయండి. బండి వాడుకలో ఉన్న రోజుల్లో జరిగిన మార్పుని దాని చరిత్రగా గుర్తించండి. తేదీలున్న ఫోటోల్ని, పని పుస్తకాన్ని సాక్ష్యంగా తీసుకునే వీలు కల్పించండి. సందేహం వచ్చినచోట పాత ఇంజన్లు విప్పిన అనుభవం ఉన్న ఒక మనిషిని అధికారి పక్కన కూర్చోబెట్టండి. హైదరాబాదు చౌమహల్లాలో నిజాముల 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్‌ని జనం టికెట్టు కొనుక్కుని చూస్తారు, దానికి ప్యాలెస్ నీడ ఉంది. పల్లెటూరి పాకలో ఉన్న ఫోర్డుకి మీ రూలే నీడ.

మరొక విషయం పెట్రోలియం శాఖతో కలిసి చూడాల్సింది. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తున్నారు. చెరకు, మొక్కజొన్న పండించేవాళ్ళకి అది మేలంటే నేను కాదనను, నేనూ రైతునే. కానీ ఈ కారులో ట్యాంకు డ్రైవరు మోకాళ్ళ ముందు, డ్యాష్‌బోర్డుని ఆనుకుని ఉంటుంది. పంపు లేదు, పెట్రోలు వాలుకి కిందికి దిగుతుంది. ఎంత ఉందో చూపించడానికి ట్యాంకులో ఒక కార్కు బెండు తేలుతుంటుంది, అది నానకుండా లక్క పూత ఉంటుంది. స్పిరిట్‌లో లక్క కరుగుతుందని బీరువాలకి పాలిష్ పెట్టే ఏ వడ్రంగినడిగినా చెబుతాడు. ఇథనాలంటే ఆ స్పిరిటే. నా కార్కు మీది పూత కరిగి కార్బురేటరులో జిగురై పేరుకుంది, ట్యాంకు కింది వాషరు చెమర్చింది. ఒళ్ళో పెట్రోలు పెట్టుకుని నడిపే బండికి అది ప్రాణాపాయం. రాష్ట్రానికి కొన్ని బంకుల్లోనైనా ఇథనాల్ కలపని మామూలు పెట్రోలు దొరికేలా చూడండి.

మేస్త్రిగారు ఇప్పుడు మా షెడ్డులోనే ఇద్దరు ఐటీఐ కుర్రాళ్ళకి పోత పని నేర్పుతున్నారు. పగిలిన బ్లాకు ఒకటి తెచ్చి వాళ్ళకిచ్చాను, మూడుసార్లు పోసి మూడుసార్లు కరిగించారు. మీ శాఖ నుంచి ఎవరిని పంపినా, ఎప్పుడు పంపినా సరే. బాడీ ఎత్తి నెంబరు చూపిస్తాం, పదకొండేళ్ళ పని పుస్తకం చేతికిస్తాం.

ఇట్లు,
1930 ఫోర్డ్ మోడల్ ఏ యజమాని,
గోదావరి జిల్లాల నుంచి