బేరింగ్ కోసం బస్సెక్కాలా?

సంపాదకులు గారికి,

పోయిన వేసవిలో మా పాత కారు ముందు ఎడమ చక్రం దగ్గర గుంయ్‌మని మోత మొదలైంది. వేగం పెరిగేకొద్దీ పెరిగేది. కుడివైపు తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి ఇంకా ఎక్కువయ్యేది. చక్రం నున్నగా తిరిగేందుకు లోపల ఉండే గుండ్ల రింగు, అదే బేరింగ్, పోయిందని అర్థమై, మా పర్లాకిమిడిలోనే ఒక షెడ్డులో మార్పించాను. మూడు నెలలు తిరక్కుండా మళ్లీ అదే మోత. పిల్లలతో ఆర్. ఉదయగిరి ఘాట్ ఎక్కుతూ ఆ చప్పుడు వింటుంటే ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు.

ఆ షెడ్డు కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. అతని దగ్గరున్నవి ఒక సుత్తి, ఒక ఇనుప గొట్టం ముక్క. ఈ రకం బేరింగ్ నకిల్‌లో, అంటే చక్రాన్ని మోసే లోహపు దిమ్మలో, చాలా బిగుతుగా కూర్చుంటుంది. లోపలికి నెట్టేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. ఆ తర్వాత హబ్ (చక్రం బిగించే భాగం) ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి కింద ఆనిక ఉండాలి. సుత్తితో కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి, అవి తిరిగే దారిలో సన్నని సొట్టలు పడతాయి. కంటికి ఆనవు. బేరింగ్ కొత్తదే, కానీ ఎక్కించిన రోజే పాడైపోయి ఉంటుంది.

ముప్ఫై ఏళ్లు పంపుసెట్లు రిపేరు చేసినవాణ్ణి, పనిముట్లు నాకు కొత్త కాదు. రెండోసారి నేనే ఇంటి దగ్గర విప్పాను. యాక్సిల్ నట్టుని బండి నేల మీద ఉండగానే వదులు చేశాను. జాకీ మీద ఉన్న బండిని బలంగా లాగితే జారి మనిషి మీద పడుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండ్ పెట్టి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం వేశాను. బ్రేక్ కాలిపర్ (డిస్కుని పట్టి ఆపే భాగం) తన పైపు మీద వేలాడకుండా తీగతో కట్టాను. ఓపికుంటే ఇవన్నీ వాకిట్లో అయ్యే పనులే. పాత బేరింగ్ ఊడదీసి కొత్తది ఎక్కించడం మాత్రం సమంగా నొక్కే ప్రెస్ యంత్రం గానీ, మర బిగించి లాగే పుల్లర్ సెట్టు గానీ లేకుండా సరిగా కాదు. ఊళ్లో నాకు తెలిసిన చోటల్లా అడిగాను, దొరకలేదు. చివరికి నకిల్‌ని గోనెసంచిలో చుట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కాను. అక్కడ ప్రెస్ మీద పని అరగంటలో అయిపోయింది. రానూపోనూ నాకు రోజంతా పట్టింది.

కూలి మానుకుని అలా వెళ్లగలిగేవాళ్లు ఎంతమంది? మా షెడ్లలో మా జిల్లా ఓడీ 20 నంబరు బండ్లూ, సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం నుంచి వచ్చే ఏపీ 39 నంబరు బండ్లూ పక్కపక్కనే ఉంటాయి. మనుషుల్ని కిక్కిరిసి ఎక్కించుకుని కొండ ఊళ్లకు పోయే జీపులూ అక్కడికే వస్తాయి. బేరింగ్ పూర్తిగా అరిగితే చక్రం ఊగుతుంది, బిగుసుకుపోవచ్చు, ఊడిపోవచ్చు కూడా. కొత్త బండ్లలో ఇంకో చిక్కుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సార్ చదివే అయస్కాంతపు పట్టీ చాలా బేరింగ్‌లకు ఒక పక్కనే ఉంటుంది. తిరగేసి ఎక్కిస్తే డాష్‌బోర్డు మీద లైటు ఆరదు. మళ్లీ ఊడదీస్తే ఆ బేరింగ్ ఇక పనికిరాదు. ఇలాంటివి మా కుర్రాళ్లకు కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేరు.

బరంపురం ప్రభుత్వ ఐటీఐ వాళ్లు తుక్కు ఇనుముతో పెద్ద పెద్ద బొమ్మలు చేసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఇనుము పని తెలిసిన గురువులు మన ప్రాంతంలోనే ఉన్నారు. గజపతి జిల్లాలోని ఒక శిక్షణ సంస్థలో ప్రెస్, నట్టుని సరైన బలంతో బిగించే టార్క్ రెంచి పెట్టి, నెలకు రెండు ఆదివారాలు షెడ్డు మెకానిక్‌లకూ నాలాంటివాళ్లకూ తెరవమని అధికారుల్ని కోరుతున్నాను. ఊరికే వద్దు, న్యాయమైన రుసుము తీసుకోండి. పని ఒడియాతో పాటు తెలుగులోనూ నేర్పండి. పాతపట్నం వైపు అధికారులు ముందుకొచ్చినా సంతోషమే. సరిహద్దు దాటడం మాకు రోజూ ఉన్నదే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా