ఇంజిన్ క్యాబ్‌లో ఒక చార్జింగ్ పాయింట్ పెట్టించండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

అశ్వినీ వైష్ణవ్ గారికి నమస్కారం.

నేను గూడ్స్ బండ్లు నడిపే లోకో పైలట్‌ని. జీతాల గురించో, మైలేజీ అలవెన్స్ గురించో, రెస్ట్ గురించో రాయడం లేదు, వాటికి యూనియన్లు ఉన్నాయి. నేను అడిగేది ఇంజిన్ క్యాబ్‌లో, అంటే మేం కూర్చుని బండి నడిపే గదిలో, ఫోన్, వాకీటాకీ చార్జింగ్ పెట్టుకోవడానికి ఒక పద్ధతైన పాయింట్, అంతే. ఈ మాత్రానికి మంత్రికి ఉత్తరమా అని నవ్వేవాళ్ళు నవ్వనివ్వండి. రైల్వేతో పాటు ఎలక్ట్రానిక్స్ శాఖ కూడా మీ దగ్గరే ఉంది, మీరు చదివిందీ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగే, కాబట్టి ఇది మీకు కాక ఇంకెవరికి రాయాలి?

మా రన్నింగ్ డ్యూటీ కాగితం మీద 9 గంటలు. కానీ గూడ్స్ బండి సంగతి మీకు తెలియనిది కాదు, వెనకొచ్చే ప్రతి ఎక్స్‌ప్రెస్‌కీ దారిస్తూ ఏదో చిన్న స్టేషన్ లూప్ లైన్లో గంటల తరబడి పడి ఉంటుంది. డ్యూటీ 11 గంటలు దాటేసరికి వాకీటాకీ బీప్ బీప్ మంటుంది, ఫోన్ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. పొగమంచు రోజుల్లో ముందున్న సిగ్నల్ గురించి చెప్పడానికి ఇచ్చే ఫాగ్‌పాస్ పరికరానికి 18 గంటల బ్యాకప్ అని స్పెసిఫికేషన్‌లో ఉంది, బాగానే ఉంది, కానీ రెండు మూడు సీజన్లు వాడేసిన బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ఏ స్పెసిఫికేషనూ చెప్పదు. ఇవన్నీ మా సొంత సరదా వస్తువులు కావు సార్. గార్డుతో మాట్లాడాలన్నా, స్టేషన్ మాస్టర్‌తో మాట్లాడాలన్నా వాకీటాకీయే. అది మూగబోయి, బండి మధ్యలో ఫెయిలై ఆగితే కంట్రోల్ రూమ్‌కి చెప్పడానికి మిగిలేది రైల్వే ఇచ్చిన సీయూజీ ఫోన్.

మరి పాయింట్ లేకపోతే ఏం చేస్తారు? ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తారు. నాకు పడిన ఇంజిన్లలో ఎక్కడో ఒకదాంట్లో ఇంజిన్లు మరమ్మతు చేసే షెడ్ వాళ్ళు దయతలచి పెట్టిన సాకెట్ పనిచేసింది. కొన్నిటిలో ప్యానెల్ పక్క నుంచి బయటికి లాగిన రెండు వైర్లు, వాటి చివర ఇన్సులేషన్ టేపు. అవి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, అందరూ వాడతారు.

ఎలక్ట్రిక్ ఇంజిన్లలో కంట్రోల్ సర్క్యూట్, అంటే ఇంజిన్ స్విచ్‌లని నడిపే కరెంటు లైను, 110 వోల్టుల డీసీ. ఆ వైర్లలో వచ్చేది ఇదే. ఫోన్ చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టుల ఏసీ అని ఉంటుంది, కానీ లోపలికి వెళ్ళగానే అది చేసే మొదటి పని ఏసీని డీసీగా మార్చడమే కనుక 110 డీసీ ఇచ్చినా చాలావాటికి పట్టింపు ఉండదు, చక్కగా చార్జ్ ఎక్కిస్తాయి (72 వోల్టుల డీజిల్ ఇంజిన్లలో ఈ పప్పులు ఉడకవు). చార్జ్ ఎక్కుతోంది కాబట్టే ఇది మామూలు విషయమని అందరూ అనుకుంటున్నారు. ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, అందుకే ప్లగ్ పీకినప్పుడు వచ్చిన నిప్పురవ్వ అప్పటికప్పుడే ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు, వదులు కనెక్షన్ దగ్గర మొదలైన ఆర్క్ అలాగే వెలుగుతూ ఉండొచ్చు. పైగా ఆ 110 ఎప్పుడూ 110 కాదు. రైలు ఎలక్ట్రానిక్స్‌కి వాడే ఈఎన్ 50155 ప్రమాణం ప్రకారం 110 వోల్టుల లైన్ మీద పెట్టే పరికరం 77 నుంచి 137.5 వోల్టుల దాకా తట్టుకోవాలి, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) పడినప్పుడు క్షణకాలం వోల్టేజీ ఎగబాకే స్పైకులు అదనం. రోడ్డు పక్కన కొన్న చార్జర్‌కి ఆ శక్తి ఎక్కడిది? అదే లైన్ మీద మా రిలేలు, కాంటాక్టర్లు ఉన్నాయి. టేపు ఊడి వైరు ఇంజిన్ బాడీకి తగిలితే ఎర్త్ ఫాల్ట్, అంటే కరెంటు బాడీలోకి కారడం, అది ఎక్కడుందో వెతకడానికి షెడ్ వాళ్ళకి తలప్రాణం తోకకొస్తుంది. నాసిరకం చార్జర్లు రేడియోలో పెట్టే గరగర సంగతి వేరే, ఇప్పుడు రైళ్ళు గుద్దుకోకుండా ఆపే కవచ్ కూడా రేడియో మీదే నడుస్తోంది కదా.

2013 డిసెంబర్ 28న అప్పటి అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ కాలి 26 మంది పోయారు. ఆ తర్వాత రాత్రి 11 నుంచి 5 దాకా బోగీల్లో చార్జింగ్ పాయింట్లు ఆపేయాలని రైల్వే సేఫ్టీ కమిషనర్ సిఫార్సు చేశారు. బోగీ విషయంలో అంత జాగ్రత్త కావాలనుకున్నప్పుడు ఇంజిన్‌లో టేపు చుట్టిన వైర్లని ఎందుకు చూసీ చూడనట్టు వదిలేస్తున్నాం?

మీ అధికారులు వెంటనే చెప్పే జవాబు నాకు తెలుసు. పాయింట్ ఇస్తే ఫోన్లు చూస్తూ కూర్చుంటారు అని. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజర్ పలాస ప్యాసింజర్‌ని గుద్ది 14 మంది చనిపోయారు, గుద్దిన బండి డ్రైవర్లిద్దరూ క్రికెట్ మ్యాచ్ ధ్యాసలో ఉన్నారని 2024 మార్చిలో మీరే అన్నారు. ఆ ఇద్దరూ అదే ప్రమాదంలో పోయారు, తిరిగి జవాబు చెప్పుకోలేరు, అందుకే ఆ వాదన ఇక్కడ ఎత్తను. ఫోన్ ప్రమాదం కాదని మాత్రం నేను అనను. 2008లో అమెరికాలోని చాట్స్‌వర్త్‌లో డ్రైవర్ మెసేజ్‌లు పంపుతూ ఎర్ర సిగ్నల్ దాటేసి 25 మంది ప్రాణాలు పోయాయి. అక్కడ వాళ్ళు నిషేధించింది వాడకాన్ని, బండి కదులుతుంటే సొంత ఫోన్ ఆఫ్‌లో ఉండాలన్నారు. ఆ రూలు మాకూ ఉంది, ఉండాలి కూడా. క్యాబ్‌లో మా మాటా, బొమ్మా రికార్డు చేసే కెమెరాలు కూడా పెడుతున్నారు. చూడాలనుకున్నవాడిని చార్జింగ్ లేకపోవడం ఆపదు, వాడు జేబులో పవర్ బ్యాంక్ తెచ్చుకుంటాడు, ఎండాకాలం ఏసీ లేని క్యాబ్ వేడిలో ఆ లిథియం బ్యాటరీ ఇంకో తలనొప్పి.

నేను అడిగేది ఇది. కంట్రోల్ సర్క్యూట్‌తో నేరుగా సంబంధం లేకుండా ఐసొలేషన్ ఉన్న కన్వర్టర్, దానికి సొంత ఎంసీబీ, రెండు యూఎస్‌బీ పాయింట్లు, వాకీటాకీ పెట్టుకునే స్టాండు. డెస్క్ మీద కాదు, సీట్ల వెనక గోడకి, మూతున్న పెట్టెలో. ఫోన్ పాయింట్లు బండి ఆగినప్పుడే పనిచేసేలా చేసినా నాకు అభ్యంతరం లేదు, వేగం ఎంతో ఇంజిన్‌కి తెలుసు. వాకీటాకీకి మాత్రం ఎప్పుడూ కరెంటు ఉండాలి. పాంటో (పై తీగ నుంచి కరెంటు అందుకునే చేయి) దించినప్పుడు ఇంజిన్ బ్యాటరీ దిగిపోతుందంటారేమో, త్రీ ఫేజ్ ఇంజిన్ బ్యాటరీ దాదాపు 200 ఆంపియర్ అవర్లు, 20 వాట్ల చార్జర్ దాన్ని ఏం చేస్తుంది? విజయవాడ, లాలాగూడ, కాజీపేట, గుత్తి షెడ్లకి ఇంజిన్లు షెడ్యూల్‌కి ఎలాగూ వస్తాయి, అప్పుడే బిగించొచ్చు.

అది అయ్యేలోపు కనీసం రైల్వే బోర్డు నుంచి ఒక కాగితం ఇప్పించండి, క్యాబ్‌లో ఏ సాకెట్‌కి ఏది పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు అని. ఇప్పుడైతే ఒక ఇన్‌స్పెక్టర్ ఆ వైర్లకే తన ఫోన్ తగిలిస్తాడు, ఇంకొకాయన అవి చూసి మాకు చార్జిషీట్ ఇస్తానంటాడు.

ఇట్లు,
ఒక గూడ్స్ లోకో పైలట్