టిప్పు ఎవరి జేబులోకి?

సంపాదకుని గారికి,

డెలివరీ బాయ్‌కి యాప్‌లో ఇచ్చే టిప్పు అతనికే చేరుతుందని నమ్ముతాం. అమెరికాలో డోర్‌డాష్ అనే ఫుడ్ డెలివరీ కంపెనీ 2017 నుంచి 2019 దాకా చేసింది వేరు. ఆర్డరుకు ఇంత వస్తుందని ముందే హామీ ఇచ్చి, కస్టమరు టిప్పు ఇస్తే చాలావరకు అంతమేరా తన వాటా తగ్గించుకునేది. అంటే మన దయ కంపెనీకి డిస్కౌంటు! న్యూయార్క్ రాష్ట్రంతో ఈ గొడవను 2025లో 1.675 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

ఇదేదో సాఫ్ట్‌వేర్‌లో పొరపాటున దొర్లిన బగ్ కాదు. ఎవరో ఆ లెక్క రాసిచ్చారు, ఎవరో కోడ్ చేశారు, ఎవరో టెస్ట్ చేసి ఓకే అన్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపే మావాళ్లకు ఇందులో పాఠముంది. కూలి, ఇన్సెంటివ్, టిప్పు మూడూ వేర్వేరు పద్దులుగా ఉండాలని, సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే రిక్వైర్‌మెంట్లలోనే రాయాలి. టిప్పు పెరిగితే కూలి తగ్గకూడదని ఒక టెస్ట్ పెట్టడం పెద్ద పనేం కాదు. రిలీజ్ టెన్షన్‌లో ముందు ఎగిరిపోయేవి మాత్రం ఇలాంటివే.

ఇలా యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికుల సంక్షేమ నిధికి కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఇవ్వాలని కేంద్ర చట్టమైన సామాజిక భద్రతా కోడ్ చెబుతోంది. మంచిదే. దాంతోపాటు ప్రతి ఆర్డరుకూ ఈ మూడు పద్దులూ కార్మికుడికీ కస్టమరుకూ కనిపించేలా కార్మిక శాఖ నిబంధన తేవాలి.

– ఒక ప్రాజెక్ట్ మేనేజర్, మియాపూర్, హైదరాబాద్