వాఫుల్ డబ్బాలో ఉత్తరం

చిక్కడపల్లి, హైదరాబాద్
గురువారం మధ్యాహ్నం

చి. ల. సౌ. అమ్మలుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

శనివారం నాన్న మీ ఇంటికి వచ్చేటప్పుడు నీ వాఫుల్ యంత్రాన్ని, అదే గుంటలున్న రెండు పలకల మధ్య అట్లు కాల్చేదాన్ని, తెస్తారు. ఈ ఉత్తరం ఆ డబ్బాలోనే, రెండు పలకల మధ్య పెడుతున్నాను. కరెంటు పెట్టే ముందు తీసేయి. ఇదంతా ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు స్పీకరు పెట్టేసి గిన్నెలు సర్దుకుంటూ "ఊఁ, ఊఁ" అంటావు. 31 ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. ఆ "ఊఁ"కు అర్థమేమిటో నాకు తెలుసు.

సంక్రాంతికి దీన్ని తెచ్చి మా వంటింట్లో పెట్టి, "నావల్ల కాదమ్మా, నువ్వే ఉంచుకో" అన్నావు. జారుగా కలిపి పోసిన పిండి పక్కల నుంచి పొంగి గట్టంతా కారిందనీ, మూత తెరిస్తే సగం పై పలకకూ సగం కింది పలకకూ అంటుకుపోయిందనీ, బుజ్జి ఏడ్చిందనీ చెప్పావు. నేను సగం విని అటక మీద పెట్టించాను. వేసవి సెలవులకు వచ్చిన బుజ్జి ఆ డబ్బాను గుర్తుపట్టింది. "అమ్మమ్మా, ఇది నీకు కూడా రాదా?" అంది. ఆ "కూడా" అన్న మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

మొదటిసారి నేను చేసింది నీదానికంటే ఘోరం. మిగిలిన దోసెల పిండిలో బెల్లం కరిగించి పోశాను. బెల్లం మాడింది, పిండి గుంటల్లో ఇరుక్కుంది. పుల్లతో పొడిచి తీయడానికి గంట పట్టింది. నాన్న ఆ ముక్కలు తిని, "అట్టు అనుకుంటే బాగానే ఉంది" అన్నారు.

అసలు జారు పిండే పోయాలని మనమెందుకు అనుకున్నాం? మన గులాబీ పువ్వుల అచ్చు వల్లనేమో. అక్కడ పిండి జారుగానే ఉండాలి, అచ్చు నూనెలో బాగా కాగాలి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. నిండా ముంచితే పువ్వు అచ్చును వదలదు. నేను వాఫుల్‌ను కూడా దానికి చెల్లెలే అనుకున్నాను. కానీ బెల్జియంలో రెండు రకాలున్నాయి. బ్రస్సెల్స్ వాఫుల్‌కు జారు పిండి పోస్తారు. లియేజ్ అనే ఊరి వాఫుల్‌కు పోయరు. ఈస్టు వేసి పొంగించిన ముద్దలో దండిగా వెన్న, ముత్యాల్లాంటి చక్కెర పలుకులు కలిపి, ఒక ఉండ తీసుకుని అచ్చు మధ్య నొక్కుతారు. అంటే ముద్దను నొక్కడం చేతకానివాళ్లు కనిపెట్టిన దగ్గరిదారి కాదు, ఆ ఊరివాళ్ల అసలు పద్ధతే అది.

అప్పుడు పోయినేడు అమెరికాలో మీ వదిన చేసింది గుర్తొచ్చింది. అక్కడ దుకాణంలో పాల పక్కన చల్లటి అరలో అట్ట గొట్టాల్లో పిండి అమ్ముతారు. కాగితం ఒలిచి అతుకు దగ్గర చెంచాతో నొక్కితే టప్పుమని పేలి తెరుచుకుంటుంది. మొదటిసారి నేను రెండడుగులు వెనక్కి గెంతాను. లోపల బేకింగ్ పౌడర్ కలిపిన పిండి గొట్టంలో ఉండగానే కొద్దికొద్దిగా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ ఒత్తిడే అంత చప్పుడు. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో లైవ్లీ విలోబీ అనే బేకరీ ఆయన 1931లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. దాల్చినచెక్క పొడి పరిచి చుట్టిన చుట్టలు కూడా అలాంటి గొట్టాల్లోనే దొరుకుతాయి. మీ వదిన ఒక్కో చుట్టను అచ్చులో పెట్టి నొక్కుతుంది. మూడు నిమిషాల్లో వాఫుల్. అప్పుడు నేను తిన్నాను గానీ మెచ్చుకోలేదు. కొన్న పిండి కదా అనుకున్నాను.

ఆ గొట్టాలు ఇక్కడ మా దగ్గర నాకు కనబడలేదు. దొరికింది పఫ్ పిండి. మన వీధి చివర బేకరీలో సాయంత్రం పూట తినే ఎగ్ పఫ్, కర్రీ పఫ్ ఉన్నాయే, ఆ పిండే. సూపర్‌మార్కెట్‌లో బఠాణీల పక్కన గడ్డకట్టిన షీట్లుగా అమ్ముతున్నారు. కొనేముందు వెనకవైపు చదువు. వెన్నతో చేసినది ఖరీదు ఎక్కువ, కానీ తీసుకో. మార్జరీన్‌తో, అంటే నూనెతో చేసే నకిలీ వెన్నతో, చేసినది చల్లారాక నాలుక మీద మైనం పూసినట్టు ఉంటుంది.

"ఇంట్లో చేసుకోలేమా అమ్మా" అని నువ్వు అడగవు, కానీ నన్ను నేను అడిగాను. చేశాను కూడా. మైదా ముద్ద మధ్య వెన్న పెట్టి పరచాలి, మూడు మడతలు వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి, మళ్లీ పరచాలి. ఇలా ఆరుసార్లు. మూడును ఆరుసార్లు హెచ్చవేస్తే 729. అన్ని పొరలన్నమాట. పొయ్యి వేడికి పిండిలోని నీరు ఆవిరై ఆ పొరలను పైకి తోస్తుంది, మధ్యలోని వెన్న వాటిని ఒకదానికొకటి అతుక్కోనివ్వదు. చెప్పడానికి బాగానే ఉంది. 42 డిగ్రీల ఎండలో, ఏసీ లేని వంటింట్లో మూడో మడతకే వెన్న కరిగి అప్పడాల కర్రకు అంటుకుంది. నా పంతం కూడా అక్కడే కరిగింది. ఆ ముద్దతో మైదా రొట్టెలు కాల్చి పనమ్మాయికి ఇచ్చాను, పాపం ఆమె కూడా మెచ్చుకోలేదు.

ఇక నువ్వు చేయవలసింది. ముందురోజు రాత్రి షీట్లను ఫ్రీజర్‌లో నుంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టు. మరచిపోతే పొద్దున బయట పెట్టవచ్చు గానీ ఈ ఎండల్లో పది నిమిషాలకు మించి వద్దు, జిగురవుతుంది. మడిస్తే విరగకుండా వంగాలి, చేతికి మాత్రం చల్లగానే తగలాలి. అచ్చు కంటే కొంచెం చిన్నగా చతురస్రాలు కోయి, నొక్కితే అవి పరుచుకుంటాయి. ఒక ముక్క మధ్యలో చెంచాడు కోవా గానీ కొబ్బరి లౌజు గానీ పెట్టు. బుజ్జి చాక్లెట్ అంటుంది, రెండు పలుకులు చాలు. అంచులు నీటితో తడిపి పైన రెండో ముక్క వేసి ఫోర్కుతో నొక్కు. చెంచాకు మించి కూరితే మళ్లీ గట్టంతా కారుతుంది, అప్పుడు నన్ను అనకు.

లియేజ్ వాళ్ల ముత్యాల చక్కెరకు బదులు నేను బేగంబజారు పటికబెల్లం దంచి వాడాను. రవ్వలా కాదు, మిరియపు గింజంత పలుకులుగా దంచు. ముక్కను రెండువైపులా అందులో దొర్లించి అచ్చులో పెట్టు. చిన్న పలుకులు కరిగి గోధుమరంగు పాకంగా అంటుకుంటాయి, పెద్దవి పంటి కింద కరకరలాడతాయి. చక్కెర 160 డిగ్రీలు దాటాకే అలా రంగు తిరుగుతుంది, మరుగుతున్న నీటి కంటే ఎంత ఎక్కువో లెక్క వేసుకో. దించిన వెంటనే బుజ్జి చేయి పెట్టకుండా చూడు. వేడి పాకం చర్మానికి అంటుకుంటే ఒక పట్టాన వదలదు.

పచ్చ దీపం వెలిగాకే పిండి పెట్టాలి. పెట్టాక రెండు మూడు నిమిషాలు మూత ఎత్తకు, పొరలు చీలిపోతాయి. నీకు ఎత్తి చూసే అలవాటుంది, చిన్నప్పుడు ఇడ్లీ కుక్కర్ దగ్గర కూడా ఇదే గొడవ. మొదట పక్కల నుంచి ఆవిరి గుప్పున వస్తుంది, తర్వాత తగ్గుతుంది. తగ్గాక ఇంకో నిమిషం. మొత్తం ఐదారు నిమిషాలు పడుతుంది. ఉస్మానియా బిస్కెట్టు పైభాగం రంగు రావాలి. లేత రంగులో తీస్తే లోపల పచ్చి మైదా వాసన కొడుతుంది. తీసి పళ్లెంలో పెట్టకు, అడుగున ఆవిరి పట్టి మెత్తబడుతుంది. చిల్లుల గిన్నె బోర్లించి దాని మీద పెట్టు.

షీట్లు లేని రోజున గడ్డకట్టిన మలబార్ పరోటా కూడా పనికొస్తుంది. అందులో ఉప్పు ఉంటుంది, అరటిపండు ముక్కలూ దాల్చినచెక్క పొడీ వేస్తే ఆ ఉప్పు తెలియదు. బుజ్జి ఫోన్లో కొరియావాళ్ల క్రాఫుల్ చూపించింది, క్రోసాంట్ అనే పొరల రొట్టె పిండిని అచ్చులో నొక్కడమే అది. ఈస్టు పిండి కనుక కరిగాక పొంగే వరకు ఆగాలి. నాకు అంత ఓపిక లేదు, నీకు అంత తీరిక లేదు.

పైన వేసుకునేదాని గురించి మాత్రం ఓపిక పట్టమంటాను. తేనె, చాక్లెట్ పాకం అందరూ పోస్తారు. నువ్వు ఖుబానీ కా మీఠా, అదే ఆప్రికాట్ల పాకం, పోసి చూడు. ఎండు ఖుబానీలు రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, ఆ నీళ్లలోనే చక్కెర వేసి చిక్కబడేదాకా ఉడికించాను. గింజలు పగలగొడితే లోపల బాదంలాంటి పప్పు ఉంటుంది, పైన చల్లవచ్చు. ముందు ఒకటి కొరికి చూడాలి, చేదుగా ఉంటే పారేయాలి. వేడి వాఫుల్ మీద ఈ చిక్కటి పాకం పోసి, పైన ఒక చెంచా మీగడ వేస్తే, ఒక్కో గుంటా నిండుతూ వస్తుంది. వాఫుల్ అనే డచ్చి మాటకు తేనెపట్టుతో చుట్టరికం ఉందని చదివాను. అది నిజమని నేను నమ్మింది ఈ ఖుబానీ పాకం పోశాకే. ఇప్పుడు బంగినపల్లి కాలం కదా, మామిడి ముక్కలు కూడా వేశాను గానీ నీరు ఊరి వాఫుల్ మెత్తబడింది. మామిడిపండు విడిగా తినడమే మర్యాద.

యంత్రాన్ని కుళాయి కింద పెట్టకు. ప్లగ్గు తీసి, గోరువెచ్చగా ఉండగా తడిగుడ్డతో తుడువు. పాకం అంటుకుంటే తడిగుడ్డ లోపల పెట్టి మూత వేసి ఐదు నిమిషాలు ఆగు, మెత్తబడుతుంది. స్టీలు చెంచాతో గీకావో, మళ్లీ అటకే.

ఇంకొక సంగతి. నా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా అమ్మ మైదా, చక్కెర, డాల్డా తూచి డబ్బాలో పోసి నన్నూ మీ మామయ్యనూ బేకరీకి పంపేది. ఎవరి సరుకు వాళ్లు తీసుకెళ్లి బిస్కెట్లు కాల్పించుకునే రోజులవి. వరసలో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది. మా పిండి ఇంకొకరి పిండిలో కలవకుండా రేకు పక్కనే కాపలా నిలబడేవాళ్లం. కాల్చినందుకు కిలోకు ఇంతని డబ్బులు ఇచ్చి, వేడి బిస్కెట్ల డబ్బా నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేవాళ్లం. వచ్చినవాళ్లందరికీ మా అమ్మ "మా ఇంట్లో చేసిన బిస్కెట్లు" అనే పెట్టేది. అప్పుడు పిండి మాది, పొయ్యి వాళ్లది. ఇప్పుడు పిండి వాళ్లది, పొయ్యి మనది. "సొంత పొయ్యి కూడా లేదా" అని మా అమ్మను ఎవరూ అడగలేదు.

నేను మాత్రం నిన్ను అడిగాను. రెండేళ్ల కిందట మీ ఫ్రిజ్‌లో పాలు తీయబోయి దోసె పిండి ప్యాకెట్ చూసి, "పిండి కూడా రుబ్బుకోలేనంత ఉద్యోగమా" అన్నాను. అల్లుడుగారు హాల్లోనే ఉన్నారు, వినే ఉంటారు. నువ్వు ఏమీ అనలేదు. తర్వాత నేను వచ్చినప్పుడు ఆ ప్యాకెట్ కొత్తిమీర కట్ట వెనక్కి జరిగి ఉంది. చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. ఆ రోజు అన్నదానికంటే ఇది ఎక్కువ తప్పని ఈ మూడు వారాలూ పఫ్ షీట్లు కొని తెచ్చుకుంటున్నప్పుడల్లా అనిపించింది.

నాన్న చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, మధ్యలో రైలు మారి మీ కూకట్‌పల్లి చేరేసరికి ఎండ ముదురుతుంది. ఆయన సంచిలో ఐసు ముక్కల మధ్య రెండు ప్యాకెట్ల షీట్లు ఉంటాయి. రాగానే మంచినీళ్లు తర్వాత, ముందు వాటిని ఫ్రీజర్‌లో పెట్టు, ఆయన ఏమీ అనుకోరు. ఖుబానీ సీసా ఫ్రిజ్‌లో వెనకవైపు పెట్టు, అక్కడ చల్లదనం ఎక్కువ. చోటు లేకపోతే దోసె పిండి ప్యాకెట్‌ను కొత్తిమీర ముందుకు జరుపు.

మీ అమ్మ