గుమ్మం బయట అరగంట

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో మనవడి గురించి నువ్వన్న మాట రాత్రంతా మనసులో తిరుగుతూనే ఉంది. "వాణ్ని ఆడించడానికి ఇక్కడేముందమ్మా, పార్కుకు వెళ్లాలంటే ఆదివారం దాకా ఆగాల్సిందే" అన్నావు చూడు, ఆ మాట. ఫోన్లో చెప్పబోతే సగంలోనే నీకేదో పని తగులుతుంది, అందుకే రాస్తున్నాను.

పార్కు వద్దనను. కానీ ఐదేళ్లవాడికి వారానికోసారి పెద్ద మైదానం కంటే, రోజూ గుమ్మం బయట దొరికే అరగంటే ఎక్కువ మేలు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా గట్టిగా ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదంతా ఒక్కసారే అవ్వక్కర్లేదు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు అయినా లెక్కలోకి వస్తుంది. రోజూ ఆరుబయట వెలుతురులో గడిపే పిల్లలకు దూరపు చూపు మసకబారే సమస్య వచ్చే అవకాశం కూడా తక్కువ. రోజంతా ఫోన్ పట్టుకుంటున్నాడని నీకున్న టెన్షన్‌కు ఇదీ ఒక జవాబే.

మరి ఏం ఆడించాలంటావా? ఒక పాత పెయింట్ బ్రష్, చిన్న బకెట్లో కాసిని నీళ్లు ఇచ్చి గోడకు రంగు వేయమను. తడిసిన చోటు నల్లబడుతుంది, వాడు సంబరపడేలోపే ఆరిపోతుంది, మళ్లీ మొదలు. ఎండలో గీసింది ముందు ఆరుతుందా, నీడలో గీసిందా అని ఒక్క మాట అడిగి ఊరుకో, జవాబు వాడే వెతుక్కుంటాడు. (ఆట అయిపోగానే బకెట్ బోర్లించడం మాత్రం మరిచిపోకు, చిన్నపిల్లలకు కొద్దిపాటి నీళ్లు కూడా ప్రమాదమే.)

నీడ ఆట ఇంకా బాగుంటుంది. పొద్దున వాణ్ని ఒకచోట నిలబెట్టి సుద్దముక్కతో పాదాల చుట్టూ, నీడ చుట్టూ గీత గీయి. మధ్యాహ్నం అవే పాదాల గుర్తుల్లో నిలబడమంటే నీడ కురచైపోయి, పక్కకు జరిగిపోయి ఉంటుంది. "నా నీడను ఎవరు జరిపారు?" అని అడక్కుండా ఉండడు. సూర్యుడివైపు నేరుగా చూడకూడదని ముందే చెప్పు.

చీమల బారు కనిపిస్తే పక్కన కూర్చోబెట్టు. బారుకు అడ్డంగా నేలను ఒకచోట పుల్లతో మెల్లగా తుడిస్తే, చీమలు అక్కడికొచ్చి ఆగి, అటూ ఇటూ వెతుక్కుని, కాసేపటికి మళ్లీ దారి కలుపుకుంటాయి. ముందు నడిచినవి వదిలిన వాసన పట్టుకునే వెనకవి వస్తాయి, మనం తుడిచింది ఆ వాసననే. ఇది చెబితే వాడు పది నిమిషాలైనా కదలకుండా చూస్తాడు, కుట్టే చీమలైతే మాత్రం దూరం నుంచే.

దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ల నీకు నేను చెప్పేదేముంది. బండ్లు తిరిగే చోటు కాకుండా చూసుకుంటే చాలు.

నీకు గుర్తుందో లేదో, వాడి వయసులో నువ్వు మెట్ల పక్కన గులకరాళ్లు పోగేసి, వాటికి పేర్లు పెట్టి, ఆకులు కప్పి నిద్రపుచ్చేదానివి. ఒకరోజు నేను ఊడుస్తూ అవన్నీ చెత్తతోపాటు పారేశాను. నువ్వు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నాకవి రాళ్లు, నీకు వారం రోజుల కాపురం అవి. అందుకే చెబుతున్నాను, వాడు కట్టింది వాడినే చెరపనీ. బట్టలకు మట్టి అయితే ఉతుక్కోవచ్చు. అలా కాదు ఇలా అని మధ్యలో దూరకు. నువ్వు పక్కన ఉన్నావని వాడికి తెలిస్తే సరిపోతుంది. మొదటి రెండు రోజులు "ఏం ఆడాలి" అని కొంగు పట్టుకుని తిరుగుతాడేమో, అయినా వెంటనే ఏదో ఒకటి అందించకు, కాస్త ఆగు.

రేపు సాయంత్రం నువ్వు పని నుంచి రాగానే ఇద్దరూ ఒకసారి బయటికి వెళ్లండి. రాళ్లో పుల్లలో ఏరుకొస్తే పెట్టుకోవడానికి ఒక పాత డబ్బా ఇవ్వు, అది ఎక్కడ ఉండాలో కూడా వాణ్నే చెప్పమను.

ముద్దులతో,
అమ్మ