తోరా పెట్టె జమా ఖర్చులు

మన యూదుల సమాజ మందిరంలో తోరా చుట్టకు, అంటే మన ధర్మగ్రంథం రాసిన చుట్టకు, చేయించిన పెట్టె లెక్క ఇది. చందా ఇచ్చిన ప్రతి ఒక్కరూ చదవాలని కోరుతున్నాం.

జమ ముందు. 41 కుటుంబాల చందా రూ.82,500. హైదరాబాద్, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు పంపింది రూ.64,000. పేరు రాయొద్దన్న దాత ఇచ్చింది రూ.25,000. మందిరం డబ్బాలో రూ.6,340. మొత్తం రూ.1,77,840.

"గుడ్డ తొడుగు కుట్టిస్తే నాలుగు వేలలో అయ్యేదిగా?" అని కొందరు అడిగారు. అయ్యేది. ఐరోపా యూదులకు అదే ఆచారం. కానీ బాగ్దాద్, కొచ్చి యూదులు చెక్కపెట్టెలోనే పెడతారు. అది బీరువా తలుపుల్లా రెండుగా తెరుచుకుంటుంది, చుట్టను బయటికి తీయకుండా నిలబెట్టే చదవచ్చు. మన తీరప్రాంతపు చెమ్మకి కూడా ఇదే మేలనిపించింది. ఎనిమిది పలకల టేకుపెట్టె, చెక్కకు రూ.21,600, వడ్రంగి కూలి రూ.18,000.

వెండి రేకు మన వల్ల కాదు. ఇత్తడి రేకు రూ.14,800, దానిపై వెండి పూత రూ.23,500. పల్చటి రేకే తీసుకున్నాం, చదివే ముందు పెట్టెను ఎత్తి అందరికీ చూపించాలి కదా. నగిషీ కూలి రూ.46,000. గుడి కవచాలు చేసే గుంటూరు పనివారే చేశారు. మనుషులు, జంతువుల బొమ్మలు వద్దన్నాం, ద్రాక్షతీగ, పువ్వులు మాత్రమే. తీగ చివర నులితిరిగిన చోట సుత్తి దెబ్బలు కనిపిస్తాయి, అవి లోపం కాదు, చేతిపని.

పాడైన రేకు రూ.3,100. దీని మీద గొడవ జరిగింది కాబట్టి చెబుతున్నాం. లక్క మీద రేకును బోర్లించి వెనక నుంచి కొడితేనే దాని మీది హీబ్రూ అక్షరాలు ముందుకి ఉబ్బుతాయి. అంటే వెనక అక్షరాలు తిరగేసి ఉండాలి. మేం కాగితాన్ని సూటిగా అంటించి ఇచ్చాం. హీబ్రూ నేర్చుకుంటున్న పదో తరగతి పిల్లాడు చూసి, "ఇది అద్దంలో చూసి చదవాలండీ" అన్నాడు. పనివారికి ఆ లిపి రాదు, తప్పు పూర్తిగా కమిటీదే. తుక్కు అమ్మగా వచ్చింది పోను మిగిలిన నష్టం అది.

పెట్టె పైన పెట్టే రెండు దానిమ్మకాయ ఆకారపు అలంకారాలకు, వాటికి వేలాడే 16 మువ్వలకు కలిపి రూ.9,200. మువ్వలు గజ్జెల కొట్లో కొన్నవే, ఎవరూ ఆశ్చర్యపోవద్దు. బందులు, కొక్కెం, లోపలి మఖమల్ గుడ్డ రూ.6,750. ప్రయాణాలు రూ.5,480. ప్రతిష్ఠ రోజు భోజనాలు రూ.19,400, ఇది ఎక్కువైందనే మా అభిప్రాయం కూడా.

మొత్తం ఖర్చు రూ.1,67,830. నిల్వ రూ.10,010 కోశాధికారి దగ్గర ఉంది. పూత మాసినప్పుడు మెరుగుకి వాడతాం. దాతల పేర్లు పెట్టె మీద చెక్కించలేదు, చందా పుస్తకంలో ఉన్నాయి. బిల్లులన్నీ ఆదివారం ఉదయం మందిరంలో చూడొచ్చు. శనివారం విశ్రాంతి దినం, ఆ రోజు మాత్రం లెక్కలు అడగవద్దు.